వెడల్పు లెన్సు

నా మనవరాలి పెండ్లిలో కడప ఫోటోల ఖాసిం చిన్న కెమెరాకు రెండు లెన్సులు మార్చి, రెండు ఫోటోలు తీశాడు. నిన్న రెండూ తెచ్చి చూపించాడు.

మొదటి లెన్సు ఫోటోలో నేను మీసంతో దొరలా ఉన్నాను. రెండో లెన్సు ఇంకా వెడల్పుగా చూస్తుందట. అందులో మేకపిల్లంత అయ్యాను.

“ఇదేం లెన్సప్పా! పందిరి గుంజ కూడా వంకరపోయిండాది. దీన్ని మెడకు తగిలించుకొని తిరిగేదానికి నీకు సిగ్గు ల్యాదా?”

“నిజమే పెద్దాయనా, ఈ ఫోటో చింపేస్తా. గుంజ పక్కన దూరంగా నిలబడిన విధవామె కూడా పడిండాది. పెండ్లి ఫోటోలో అశుభమంటారు గదా మీవాళ్లు.”

“ఆమె నా చెల్లెలు ఓబులమ్మ. తల్లిలేని పెండ్లికూతుర్ని సాకింది ఆయమ్మే. నేను మేకపిల్లగానే ఉంటాలే, ఇదే పటం కట్టు.”