చెమ్మ తగిలిన సీసా

ఆ రోజు ఇంట్లో నలుగురున్నారు. మంచం మీద పాప, పక్కనే పాప అమ్మమ్మ, కుర్చీలో మేనమామ, వంటింట్లో పిన్ని.

పాపకు తల్లి లేదు. పిన్ని అంటే నాన్న రెండో భార్య. నాన్న డ్యూటీకి వెళ్లాడు.

పొద్దున పాపకు మళ్లీ మూర్ఛ వచ్చింది. మాత్రలతో అణిగిపోయిందనుకున్నది ఈ మధ్య తిరగబెట్టింది.

"మాత్రలు సరిగ్గా వేస్తే ఎందుకొస్తుంది?" అంది అమ్మమ్మ, వంటింటికి వినబడేలా. "కన్నతల్లయితే మరిచిపోతుందా?"

"ఒక్క పూట కూడా మానలేదమ్మా," అంటూ పిన్ని బయటికొచ్చింది.

"అయితే మాత్రకే మతిమరుపొచ్చిందంటావా?" అన్నాడు మేనమామ.

అమ్మమ్మ పాప బట్టలు సంచిలో సర్దుతోంది. సాయంత్రం బండికి పాపను తనతో తీసుకుపోతుంది.

"ఇక నీకు శ్రమ వద్దులే."

పిన్ని పాప దువ్వెన కూడా సంచిలోకి పోవడం చూస్తూ నిలబడింది.

ఎవరో తలుపు కొట్టారు.

మేనమామ తీశాడు. గడపవతల ఒక నడివయసు ఆడమనిషి. చెమట పట్టిన మొహం, భుజాన సంచి.

"మందుల షాపతను ఈ ఇల్లు చెప్పాడండి. పాప వేసుకునే మాత్రల షీటు ఒకసారి చూపిస్తారా?"

"సబ్బులవాళ్లయ్యారు, చీపుళ్లవాళ్లయ్యారు. ఇప్పుడు మాత్రలు చూసేవాళ్లా! ఎవరమ్మా మీరు?"

"ఈ మాత్రలు చేసే కంపెనీ ల్యాబులో పరీక్షలు చేస్తానండి."

"కంపెనీ పంపిందా?"

"లేదండి. నేనే వచ్చాను."

"జీతం లేని పనికి ఇల్లిల్లూ తిరుగుతున్నారా? భలే!"

ఆమె నవ్వలేదు.

"మాత్రలో మందు సరిపడా ఉందో లేదో చూడ్డానికి, అదే మందు శుద్ధమైన పొడిగా మా దగ్గర ఉంటుందండి. స్టాండర్డ్ అంటాం. చిన్న సీసాలో, సర్టిఫికెట్టుతో వస్తుంది. ఏ మాత్రనైనా దాంతోనే పోల్చి చూస్తాం. ఆ సీసాకి చెమ్మ తగిలింది."

"తగిలితే తుడుచుకోండి. మా గడప ఎక్కడం దేనికి?"

"తుడిస్తే పోయేది కాదండి." ఆమె చూపు మంచం మీద పడింది. "పాపకి ఈ మధ్య మళ్లీ మూర్ఛ వస్తోందా?"



అమ్మమ్మ చప్పున పిన్ని వైపు తిరిగింది.

"ముక్కూ మొహం తెలియని మనిషికి కూడా తెలిసిపోయింది! ఇంటి గుట్టు వీధికెక్కించావన్నమాట. రేపు ఈ పిల్లని ఎవరు చేసుకుంటారే?"

"నేనెవరికీ చెప్పలేదమ్మా! ఈవిడెవరో కూడా నాకు తెలీదు."

"తెలీకుండానే తిన్నగా మనింటికొచ్చిందా? నీ తరఫున వకాల్తా పుచ్చుకుని వచ్చినట్టుంది!"

"ఆవిడ నాకేం చెప్పలేదండి," అంది వచ్చినామె. "ముందు ఆ మాత్రలు మాత్రం వేయకండి. వేరే..."

"వేయొద్దంటోంది! విన్నావురా? ఇది ఎవరి మాట విని మానేసిందో ఇప్పుడర్థమైంది."

మేనమామ నోరు తెరిచేలోపే పిన్ని గబగబా గడప దగ్గరికి వచ్చింది. పాపను ఉంచుకోవడానికి ఆమెకు తోచిన దారి ఒక్కటే, ఈ మనిషితో తనకే సంబంధమూ లేదని చూపించడం.

"మీరెవరో నాకు తెలీదు. మా పాప మందుల జోలికి రాకండి. వెళ్లండి."

"ఒక్క మాట వినమ్మా. నువ్వు..."

"వెళ్లండి!"

చెమ్మకు బలం తగ్గిన ఆ పొడితో పోల్చడం వల్లే, మందు తక్కువైన మాత్రలు కూడా పరీక్షలో సరిగ్గా ఉన్నట్టు తేలాయి.

ఆ లోపం కనిపెట్టిందీ, ఇందులో పిన్ని తప్పేమీ లేదని చెప్పగలిగిందీ ఆ మనిషి ఒక్కతే. ఆమె మొహం మీద తలుపు వేసి గడియ పెట్టింది పిన్నే.