తీగెలు పైకి కట్టుండ్రి

మహేందర్ ఫోనుకు చార్జింగ్ ఎక్కలేదు. చూస్తే తీగె నడిమికి తెగి ఉంది.

"మళ్లా కొరికింది నీ కుందేలు!" అంటూ చీపురు ఎత్తాడు.

కుందేలు మంచం కిందికి దూరింది.

"కొట్టకు. పిల్ల చూస్తుంది," అంది భార్య రమ్యశ్రీ.

చిన్నారి కూతురు సంతోషి మారాం చేస్తే సంగారెడ్డి నుంచి తెచ్చిన కుందేలు అది. తెల్లగా ఉంటుందని 'పత్తి' అని పేరు పెట్టారు. నారాయణఖేడ్‌లోని ఆ ఇంట్లో పత్తి కొరకని వస్తువు లేదు. చెప్పులు, పరుపు మూలలు, టీవీ తీగె. తీగెలకు కారం రాసి చూశారు. తుమ్ముకుంటూనే కొరికింది. అట్టపెట్టెలో పెట్టి మూత వేస్తే పెట్టెకే బొక్క చేసి బయటికొచ్చింది.

ఆ లొల్లి విని వాకిట్లో ఒక ముసలామె ఆగింది.

"గా తీగెలు పైకి కట్టుండ్రి బిడ్డా," అంది.

"నువ్వెవరు?" అన్నాడు మహేందర్.

"పుష్పమ్మను. గల్లీ చివర జగన్నాథ్ ఇంట్ల కిరాయికుంట."

"మా ఇంటి సంగతి మేం చూసుకుంటం. నువ్వు పో."

పోయింది. మర్నాడు మళ్లీ వచ్చింది. అంగడికి పోతూ వస్తూ గుమ్మం దగ్గర ఆగి లోపలికి తొంగి చూసేది.

"తీగెలు కట్టిండ్రా?"

ఎప్పుడూ అదే మాట.

"ముసల్దానికి పత్తి మీద కన్ను పడ్డది. కూరొండుకుంటదేమో," అన్నాడు మహేందర్.

రమ్యశ్రీ నవ్వింది. ఆనాటి నుంచి పుష్పమ్మ కనబడితే తలుపు మూసేది.

ఒక మధ్యాహ్నం ఎండ మండిపోతోంది. ఇంట్లో కూలర్ తిరుగుతోంది. ఆరిన బట్టలు తేవడానికి రమ్యశ్రీ మిద్దె మీదికి ఎక్కింది.

కింద సంతోషి కెవ్వుమంది.

రమ్యశ్రీ ఉరికొచ్చింది. పిల్ల నేల మీద పడి ఏడుస్తోంది. మణికట్టు మీద ఎర్రటి వాత. పక్కనే పుష్పమ్మ. చంకలో మూట, ఒక చేతిలో కట్టె, ఇంకో చేతిలో పత్తి.

"నా పిల్లను కొడ్తవా!"

రమ్యశ్రీ ఆమె చెంప చెళ్లుమనిపించింది.

ఎదురుగా ఉన్న తన బట్టల దుకాణం నుంచి మహేందర్ పరుగెత్తుకొచ్చాడు. గల్లీ అంతా పోగైంది.

"కుందేలును ఎత్తుకపోతుంటే పిల్ల అడ్డమొచ్చినట్టుంది. కట్టెతోని కొట్టింది," అంది రమ్యశ్రీ.

"కాదు బిడ్డా... కరెంటు... ముందుగాల కరెంటు..."

పుష్పమ్మ మాట ఆ లొల్లిలో కలిసిపోయింది.

"నీ ఇంట్ల పిల్లలున్నరా అసలు? పిల్లల దర్దు ఏందో ఎరుకేనా నీకు?" అని అరిచాడు మహేందర్.

ఆ మాటకు పుష్పమ్మ ఒక్కసారిగా ఆగిపోయింది. కుందేలును మెల్లగా కింద వదిలింది. తలుపు పక్కన ఉన్న మెయిన్ స్విచ్చు దగ్గరికి పోయి కిందికి గుంజింది.

కూలర్ ఆగింది.

"పోతూ పోతూ కరెంటు తీస్తవా!"

మహేందర్ ఆమెను బయటికి నూకాడు. మెట్ల మీద బోర్లా పడింది. చంకలోని మూట జారిపోయింది. ఎవరూ లేపలేదు. తానే లేచి, మూట సంగతి మరిచి, కొంగు నోటికడ్డం పెట్టుకుని వెళ్లిపోయింది.

పిల్లను దవాఖానకు తీసుకుపోయారు.

"ఎట్ల తగిలింది బిడ్డా?" అడిగాడు డాక్టరు.

"కూలర్ తీగె మెరుస్తుంటే పట్టుకోవోయిన," అంది సంతోషి వెక్కుతూ. "అవ్వ వద్దు వద్దు అనుకుంట ఉరికొచ్చి కట్టెతోని చెయ్యి మీద కొట్టింది."

మహేందర్, రమ్యశ్రీ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

ఇంటికొచ్చి మహేందర్ కూలర్ వెనక వంగి చూశాడు. తీగె మీది తొడుగును పత్తి మొత్తం కొరికేసింది. రాగి బయటపడి తళతళ మెరుస్తోంది. దాని చుట్టూ కూలర్ నుంచి కారిన నీళ్లు.

కూలర్ ప్లగ్గు పీకేశాడు.

పక్కింటి నుజహత్ మూట పట్టుకుని వచ్చింది.

"రమ్యక్కా, గిది ఆ అవ్వది. మీ వాకిట్ల పడ్డది."

విప్పితే చేన్లలో వాడే నల్లటి పైపు ముక్కలు. తీగెలకు తొడగడానికి వీలుగా పొడుగునా చీల్చి ఉన్నాయి. వాటితో పాటు ఎండిన జొన్న కట్టెలు.

"పొద్దుగాల మా ఇంటికాడ్నే కూసుండి చీల్చింది," అంది నుజహత్. "వాళ్లు తలుపేసుకుంటుంటే ఎందుకు పోతవ్ అవ్వా అన్న. ఇంట్ల చిన్నపిల్ల ఉందమ్మా అన్నది."

మహేందర్ ఆ పైపులు తీగెలకు తొడిగాడు. జొన్న కట్టెలు పత్తి ముందు వేశాడు. పత్తి వాటినే పటపటా కొరుక్కుంటూ కూర్చుంది. తీగెల దిక్కు చూడలేదు. ఆ చప్పుడు వినలేక రమ్యశ్రీ వంటింట్లోకి పోయింది. అన్నం కలిపింది గానీ, ఆ చెయ్యి నోటిదాకా లేవలేదు.

"ఇప్పుడే పోయి కాళ్ల మీద పడదాం," అంది.

"ఏం ముఖం పెట్టుకొని పోదం? పొద్దున పోదం," అన్నాడు మహేందర్ తల వంచుకుని.

తెల్లారి పిల్లను తీసుకుని పోయారు. గదికి తాళం వేసి ఉంది. జగన్నాథ్ బయటికొచ్చాడు.

"జల్దీ లేచి ఖాళీ చేసి పోయింది. గల్లీ అంతా దొంగ అన్నంక ఏడుంటది?"

"ఏ ఊరు ఆమెది?"

"మనూర్ దిక్కు. ఊరి పేరు చెప్పలే. ఫోను గూడ లేదు. సొంతింట్ల ఉండబుద్ధి అయితలేదని వచ్చి ఈడుండె."

"ఎందుకట్ల?" అంది రమ్యశ్రీ.

జగన్నాథ్ సంతోషి చేతికున్న కట్టు దిక్కు చూశాడు.

"పోయిన వానకాలంల ఎలుకలు కొరికిన మోటరు తీగె పట్టుకొని, చేన్ల పానం ఇడిచింది సూడు ఒక చిన్నపిల్ల," అన్నాడు. "గా పిల్లకు నాయనమ్మ."