తల మీద చెయ్యి

శామీర్‌పేట రోడ్డు నుంచి బైబిల్ కాలేజీకి తిరిగే మలుపులో ఆకాశ్ నిలబడ్డాడు.

ఉతికిన తెల్లచొక్కా వేసుకున్నాడు. తమ పాస్టరుగారి కోసం ఎదురుచూస్తున్నాడు.

తొంభై ఎనిమిది జూన్. పాస్టర్లు కావాలని చేరిన కొత్త విద్యార్థులకు ఆ రోజు ఓరియెంటేషన్.

ఒక్కొక్కరి వెనకాల ఒక పెద్దమనిషి నిలబడాలి. తల మీద చెయ్యి పెట్టి, “వీడికి పూచీ నాది” అనాలి. అనే మనిషి లేకపోతే సీటు లేదు.

సీటు పోతే ఆకాశ్‌కు మళ్లీ జీడిమెట్ల గ్యాంగే గతి. రెండేళ్ల కిందటి దాకా అక్కడ కంట్రాక్టర్ల తరఫున మనుషుల్ని కొట్టడమే అతని పని. ఇప్పుడు మారాడు. కుక్క తోక వంకర పోతుందా అని బస్తీ అంతా నవ్వింది.

ఆటో ఆగింది. దిగింది పాస్టరుగారు కాదు.

మైసయ్య!

సమ్మె రోజుల్లో ఆకాశ్ ఇనపరాడ్డుతో కాలు విరగ్గొట్టిన ఫ్యాక్టరీ కార్మికుడు. ఆకాశ్ ఎదురెళ్లి అడ్డం నిలబడ్డాడు.

“నువ్వెందుకొచ్చినవ్ ఈడికి?”

“నీ కోసమే వచ్చిన బిడ్డా.”

“లోపటికి వచ్చి అందరి ముంగట నా బతుకు జెప్తవా?”

“గదేంది? జర ఆగు, జెప్పనియ్యి...”

“నీ కాళ్లు మొక్కుత, ఇగ పో.”

“నేను పోతే ఎట్లరా?”

మైసయ్య నవ్వుతూ, కుంటుతూ దగ్గరికొచ్చి చెయ్యి ఎత్తాడు.

ఆ చెయ్యి తన తల మీదికి రావడమే ఆకాశ్ చూశాడు. పాత పిడికిలి దానంతటదే లేచింది.

ముక్కు పగిలింది. పడ్డవాణ్ణి ఆ విరిగిన కాలి మీదే తన్నాడు. లేవబోతే జుట్టు పట్టి మైలురాయికేసి కొట్టాడు.

“కొట్టకు బిడ్డా... నీ అంగీకి నెత్తురైతది.”

ఇంకోసారి కొట్టాడు. మైసయ్య మాట ఆగిపోయింది. ఊపిరి కూడా ఆగిపోయింది.

ఆకాశ్ అతణ్ణి తుమ్మచెట్ల వెనక్కి ఈడ్చాడు. బోరింగు దగ్గర చేతులు కడుక్కున్నాడు. చొక్కా చేతి మీద ఒక్క చుక్క కనిపిస్తే పైకి మడిచాడు.

హాల్లో పాట మొదలైంది. దొంగకు తేలు కుట్టినట్టు వెళ్లి వరసలో మోకరించాడు.

అందరి వెనకా పెద్దలు నిలబడ్డారు. అతని వెనక ఎవరూ లేరు.

కళ్లలో నీళ్లు తిరిగాయి. చచ్చినవాడి కోసం కాదు, సీటు కోసం.

ప్రిన్సిపల్ గారు వచ్చి అతని పక్కన వంగారు.

“కంగారుపడకు బాబూ, మీ పాస్టరుగారికి జ్వరమని ఫోన్ చేశారు.”

“మరి నా ఎనక ఎవరు నిలబడ్తరు సార్?”

“ఆ పిల్లాడికి పూచీ నేనుంటానని పాస్టరుగారి దగ్గర పట్టుబట్టి, మైసయ్యగారని ఒక పెద్దాయన పొద్దున్నే కుంటుకుంటూ బయల్దేరారట.”