పరదా గోడ

ఖుద్సియాబీ పాత మేడ మీది సోలార్ ప్యానెళ్లు వీధిలోకి కనబడితే పీకించాల్సిందేనని వారసత్వ కట్టడాల అధికారి సాయిప్రియ ముందే చెప్పింది. ఇవాళ చెప్పాపెట్టకుండా ఆ మేడున్న హుస్సేనీ ఆలం బస్తీకి వచ్చి, గల్లీలో అరగంట నిలబడి చూసింది. ఒక్కటీ కనబడలేదు.

మేడెక్కి ఖుద్సియాబీని అడిగింది. "ఎట్ల దాచిండ్రమ్మా?"

ముసలామె ఎత్తయిన చిల్లుల గోడను తట్టింది.

"నేనేం దాచలే బేటీ. మిద్దె మీది ఆడోళ్లు గల్లీకి కనబడొద్దని మా పెద్దోళ్లు కట్టిన పరదా గోడ ఇది. మమ్మల్నే దాచింది, ఇవెంత?"

'వీధిలోకి కనబడవు' అని సాయిప్రియ గంభీరంగా రాసుకుంది.

ఖుద్సియాబీ మంచినీళ్లు అందించింది. "తాగు. మూడో మిర్చిబజ్జీకి కండ్లల్ల నీళ్లు తిరిగినయ్ గదా."

సాయిప్రియ వంగి, గోడ చిల్లుకు కన్ను ఆనించింది. గల్లీ మొత్తం కనబడింది, బజ్జీల బండి మీద తను మరిచిపోయిన గొడుగుతో సహా.