రాయొద్దన్న మాటలు

పడవ దిగిన ముసలివాణ్ణి చూడగానే బెకునా రెండడుగులు వెనక్కి వేసింది.

ఒళ్ళంతా తామర. చేప పొలుసుల్లా రాలుతోంది. దానికి తోడు నోట్లోంచి కారే వక్కరసం.

పేరు సోబీ అట. చిన్నప్పుడే కొబ్బరితోటల పనికి పోయాడట, ఇదే తన ఊరట. ఊళ్ళో ఎవరికీ గుర్తులేడు. పోనీలే పాపమని బెకునా ఆకులో సగ్గుజావ పోసింది గానీ, చేత్తో ఇవ్వలేక కర్రతో తోసింది. తిన్న ఆకుని పొయ్యిలో పడేయించింది.

అసలే ఆ పూట ఊరికి గండం. బెకునా వాళ్ళ సగ్గుచెట్ల మడుగు తమదేనని ఏటి దిగువన ఉండే దొరోంబ వాళ్ళు తగువు పెట్టారు. మీరు మాలోంచి చీలిన కొమ్మ, మీ భాషా మాదే అంటారు. అది నిజమో కాదో మాటలు విని కాగితం రాయడానికి పట్నం నుంచి రూత్ మేడం వచ్చింది. ఆ కాగితాన్ని బట్టే తీర్పు.

బెకునా తన అల్లుడు కివారీకి ఉతికిన చొక్కా తొడిగించి మేడం ముందు కూర్చోబెట్టింది.

నీళ్ళని మీ భాషలో ఏమంటారని మేడం అడిగింది. కివారీ దొరోంబ వాళ్ళ మాట చెప్పాడు. నిప్పుకీ అంతే, చందమామకీ అంతే. మర్యాద తెలిసినవాడు మరి. ఆ ఊళ్ళో మనుషుల పేర్లే నీళ్ళూ, నిప్పూ, చందమామానూ. అత్తవారి వైపు పేరు పలకడమంటే నోట్లో పెంట పెట్టుకోవడమే. అందుకే అలాంటి చోట దొరోంబ మాట వాడేస్తారు.

"నీళ్ళంటే అది కాదమ్మా," అంది ఇంటి మెట్ల కింద నుంచి ఒక గొంతు.

సోబీ అసలు మాట పలికాడు. గొంతు అడుగు నుంచి లేచి, నాలుకకి రెండు పక్కలా తడితడిగా జారే చప్పుడు. కక్కుకుంటున్నారని దొరోంబ వాళ్ళు వెక్కిరించేది దాన్నే.

అది బెకునా అత్తగారి పేరు.

ఆడవాళ్ళు చెవులు మూసుకున్నారు. అతను ఆగలేదు. ఉమ్ము తుంపరలు పడుతుండగా నిప్పన్నాడు, చందమామన్నాడు. ఊళ్ళో ఒక్కరి మామనీ వదల్లేదు.

"ఏమంటున్నాడాయన?" అంది మేడం, పెన్ను పైకెత్తి.

"బూతులమ్మా. రాయకు," అంది బెకునా.

పందుల కుడితి తెచ్చి అతని నెత్తిన గుమ్మరించింది.

"నీ అత్త పేరు కూడా ఇలాగే బజార్లో పారేస్తావట్రా, సిగ్గులేనోడా?"

సోబీ ఏదో చెప్పబోయాడు. ఆమె రెండో కుండ ఎత్తింది. మొహం తుడుచుకుని పడవెక్కి పోయాడు.

నెలకి కాగితం పట్టుకుని మేడమే వచ్చింది. సగం పైన దొరోంబ మాటలే ఉన్నాయనీ, ఇది వాళ్ళ భాషకి కొమ్మేననీ రాసింది. బెకునా గుండె బాదుకుంది. అప్పుడు బయటపడింది పేర్ల సంగతి.

మేడం తల పట్టుకుంది. పోనీ పిల్లలు చెప్తారా అంది. ఆ మాటలు నేర్పే పాతకాలపు ముసలివాళ్ళు పోయారు; పెద్దవాళ్ళు ఇంట్లో పలకని మాట వాళ్ళకెలా వస్తుంది?

"అత్తామామా లేని మనిషి ఒక్కడున్నా తీసుకురండి. తీర్పు వచ్చేలోపల మార్చి రాస్తాను."

అలాంటివాడు ఎక్కడుంటాడని అందరూ ఇల్లిల్లూ లెక్కపెట్టుకున్నారు.

అంతలో దిగువ నుంచి వచ్చిన పడవవాడు తెడ్డు పక్కన పెట్టి, మీ ఊరివాణ్ణని చెప్పుకున్న తామర ముసలాయన మొన్న జ్వరంతో పోయాడన్నాడు.

"కబురు పంపుదామంటే ఎవరున్నారు గనక, ఆ ఒంటికి జన్మలో పిల్లనిచ్చినవాడు లేడట, మేమే పాతిపెట్టాం."