నాలుగు రెట్ల వేగం

నాకు పని నేర్పిన సారును ఇంటికి పంపేసిన నెలకు నా తప్పు నా కంటబడింది.

మా కంపెనీ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయలాంటి కెర్నెల్‌లో డిస్కు చదివే పాత కోడు ఆయనది. డేటా వచ్చేదాకా కాచుక్కూర్చోకుండా ఈలోగా వేరే పని చూసుకునే కొత్త కోడు నాది. రెండింటి వేగమూ కొలవమన్నాడు మేనేజరు. నాది నాలుగు రెట్లు ఎక్కువని తేలింది. రిపోర్టు రాసి కింద సంతకం పెట్టిచ్చాను. అది చూపించే సారును తీసేశారు.

తీరా చూస్తే, ఆయన కోడు ఫైలును డిస్కు నుంచి చదివింది. దాంతో ఆ ఫైలు మెమరీలో ఉండిపోయింది. తర్వాత నాది డిస్కు దాకా పోకుండా దాన్ని మెమరీలోంచే చదివేసింది. మధ్యలో మెమరీ ఖాళీ చెయ్యడం మర్చిపోయాను. మళ్ళీ కొలిస్తే రెండూ సమానమే.

ఏడుస్తూ ఫోన్ చేశాను. "నా వల్లే సార్..."

"ఆ రోజే పట్టుకున్నానమ్మా. మేనేజరుకు చెప్పాను కూడా. 'మిమ్మల్ని తీసేసే ఆర్డరు పరీక్షకు ముందే టైపయిందండీ' అన్నాడు."

"మరి నాతో ఆ పరీక్ష ఎందుకు చేయించినట్టు?"



"రిపోర్టు కింద ఎవరి సంతకం ఉంటే నేను పైవాళ్ళ దగ్గర నోరెత్తనో వాళ్ళకు బాగా తెలుసు తల్లీ."