పెద్ద కారులో చోటు

పాత కార్ల దొడ్డిలో మసి అనే పిల్లి నాలుగు పిల్లల్ని పెట్టింది. ఒక మధ్యాహ్నం ఆకాశమంతా మబ్బు కమ్మింది. వాన పడితే పిల్లలున్న రేకు కిందికి నీళ్లొచ్చేస్తాయని మసి కంగారుపడింది.

దొడ్డిలో రెండు కరెంటు కార్లు పక్కపక్కనే ఉన్నాయి. రెండింటికీ చెరో కిటికీ అద్దం పగిలి ఉంది. మసి ముందుగా ఏనుగంత ఉన్న పెద్ద కారులోకి దూకి చూసింది. నాలుగు పిల్లల్ని ఒక్కచోట పడుకోబెట్టే జాగా ఎక్కడా దొరకలేదు.

"ఇంత పెద్దవాడివి, లోపల చోటేదన్నా?" అని దిగులుగా అడిగింది.

"నా పొడుగంతా ముందున్న ముక్కులోనే పోయిందమ్మా. తలుపులు లావు, సీట్ల మధ్య ఎత్తయిన దిమ్మె. నువ్వు ఆ పక్కనున్న చిన్నవాడి దగ్గరికి వెళ్లు. వాడి లోపలంతా చదునుగా ఉంటుంది" అంది పెద్ద కారు.

ఆ మాట చెప్పడానికి అదెంత చిన్నబోయిందో మసికి తెలిసింది.

"రా అక్కా, కాళ్లు చాపుకునేంత చోటుంది" అని చిన్న కారు పిలిచింది. మసి పిల్లల్ని ఒక్కొక్కటిగా నోట కరుచుకుని అందులోకి చేర్చింది.

అంతలో ఈదురుగాలితో వాన దంచికొట్టింది. మసి భయంగా పగిలిన కిటికీ వైపు చూసింది. ఒక్క చుక్క కూడా లోపలికి రావడం లేదు. గాలికి అడ్డంగా నిలబడి, జల్లంతా పెద్ద కారే కాచుకుంటోంది.

"తడిసిపోతున్నావు కదన్నా" అంది మసి.

"పిల్లలు పడుకున్నారా?" అని అడిగింది పెద్ద కారు.

"పడుకున్నారు."

"ఇంత ఒళ్లు నాకెందుకా అనుకునేవాణ్ని" అంటూ అది వానలో అలాగే నిలబడింది.